కోపంలో అనుకున్నది జరిగితే తప్పు మనదేనా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. పదో తరగతి చదివే మా చెల్లి కోపంలో అమ్మమ్మ పడిపోవాలనుకుందట. మర్నాడే ఆవిడ బాత్‌రూంలో జారిపడ్డారు. తనకేదో శక్తి ఉందని, అది అదుపులో లేదని ఏడుస్తోంది. ఏం చెప్పాలి?

జవాబు: అమ్మమ్మ పడింది తడినేల మీద, మీ చెల్లి ఆలోచన వల్ల కాదు. కానీ ఆ పిల్ల బాధ నిజం, కొట్టిపారేయకండి. పైన తథాస్తు దేవతలుంటారని మనమే చెప్పి పెంచుతాం, పాపం పిల్లలు గట్టిగా నమ్మేస్తారు. అనుకుంటే చాలు చెడు జరుగుతుందనే ఈ భయాన్ని మనస్తత్వ శాస్త్రంలో 'థాట్ యాక్షన్ ఫ్యూజన్' అంటారు. ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు పదేపదే వెంటాడే మానసిక సమస్య) ఉన్నవాళ్లలో ఎక్కువ, లేనివాళ్లకీ వస్తుంది. కోపంలో అనుకున్నవి చాలావరకు జరగవు, అవి మర్చిపోతాం. జరిగిన ఒక్కటే గుర్తుండిపోతుంది. ఇంతవరకూ జరగనివేంటో తననే అడిగి చూడండి.

"అలా ఆలోచించకు" అని మాత్రం అనొద్దు. అణిచేకొద్దీ ఆ ఆలోచన మరింత వస్తుంది. రానిచ్చి, ఏ మొక్కూ క్షమాపణా లేకుండా పోనివ్వడమే నేర్పాలి.

చదువు, నిద్ర పాడవుతుంటే హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. తనకు తాను హాని చేసుకుంటానంటే ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.