పాయింట్ షూ రిబ్బన్ ఊడకుండా, కోసుకోకుండా

చిరంజీవి సహజకు పెద్దమ్మ ఆశీస్సులు.

బ్యాలేలో వేళ్ల కొనల మీద నిలబడడానికి వేసుకునే పాయింట్ షూ రిబ్బన్ క్లాసు మధ్యలో ఊడుతోందని, బిగిస్తే మడమ వెనక కోసుకుంటోందని రాశావు. కాలు చాపి, వేళ్లు సాగదీసి కడుతున్నావేమో చూసుకో. అలా కట్టింది ప్లియేలోకి, అంటే మోకాళ్లు వంచి కిందికి, వంగగానే మడమ వెనకున్న టెండన్‌ని (పిక్క కండని మడమ ఎముకకి కలిపే గట్టి తాడులాంటిది) నొక్కుతుంది. నొప్పని సడలిస్తావు, ఇక ఊడక ఏం చేస్తుంది?

ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చో. కట్టే పాదం నేల మీద పూర్తిగా పరుచుకోవాలి, దాని మోకాలు వేళ్ల మీదికి కొద్దిగా వంగాలి. ముడి పడేదాకా ఆ పాదం కదపకు. ముందుగా షూ అంచులోని సన్నతాడు లాగి, ముడేసి, కొసలు లోపలికి దోపెయ్యి.

లోపలి రిబ్బన్‌తో, అంటే రెండో కాలి వైపున్నదానితో మొదలుపెట్టు. పాదం మీదుగా బయటి వైపుకి తీసుకెళ్లి, చీలమండ వెనకగా తిప్పి లోపలి వైపుకి తెచ్చి అదిమి పట్టుకో. ఇప్పుడు బయటి రిబ్బన్ మొదటిదాన్ని దాటుతూ పాదం మీదుగా లోపలికి, వెనకగా బయటికి, మళ్లీ ముందు నుంచి లోపలికి రావాలి. చుట్లన్నీ చీలమండ ఎముకకు కాస్త పైన ఒకదానిమీద ఒకటి పడాలి. బొమ్మల్లో పిక్కదాకా చుట్టి చూపిస్తారే, అది నమ్మకు. అంత ఎత్తున ఏదీ నిలవదు, పిక్క కదిలినప్పుడల్లా జారుతుంది. మెరుపు వైపు పైకి ఉండాలి. మెలిక పడిందా, ఆ అంచే కోస్తుంది. ముందు బిగువుగా, వెనక తేలిగ్గా చుట్టు. గజ్జెలు బిగించినట్టు లాగకు.

ముడి వేసే చోటు చాలా ముఖ్యం. లోపలి చీలమండ ఎముకకీ టెండన్‌కీ మధ్య చిన్న పల్లం వేలికి తగులుతుంది. ముడి అందులోనే కూర్చోవాలి. టెండన్ మీద పడితే వాపొస్తుంది, ఎముక మీద పడితే ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. జారుముడి వద్దు. రెండు ముళ్లు వేసి, రెండోది ఎదురు దిశలో తిప్పితే చదునుగా నిలుస్తుంది. కొసలు 3 సెం.మీ. ఉంచి మిగతాది కత్తిరించి, చుట్ల కిందికి దోపు. లేచి ఒక ప్లియే, ఒక రెలెవే (మడమలెత్తి పైకి లేవడం) చెయ్యి. తిమ్మిరి వస్తే విప్పి కట్టు. ప్రదర్శన రోజున ముడి మీద రెండు కుట్లు వేస్తే కొసలు బయటికి రావు.

ఇంత చేసినా మడమ జారుతుంటే రిబ్బన్ కుట్టిన చోటు చూడు. షూ మడమ భాగాన్ని లోపలికి, అడుగున ఉన్న అట్ట మీదికి మడు. మడత పక్కంచుల్ని తాకే చోట పెన్సిల్ గీత పెట్టు. రిబ్బన్ అక్కడే, కాస్త ముందుకు వాలేట్టు ఉండాలి. మరీ ముందుకు కుడితే మడమ వదులైపోతుంది. సుమారు 22 మి.మీ. వెడల్పుది జతకి 2 నుంచి 2.5 మీటర్లు తీసుకుని నాలుగు సమాన ముక్కలు చెయ్యి. కొసల్ని మంటకి తగలకుండా దగ్గరగా చూపించి కరిగించు, లేదా రంగులేని గోళ్ల పాలిష్ రాయి. కుట్టే కొసని 2 సెం.మీ. మడిచి, చతురస్రంగా, లోపలి లైనింగ్‌కే కుట్టు. సూది శాటిన్ దాటి పైకి రాకూడదు, అంచులోని తాడుని అసలు తాకకూడదు. తాడు కుట్టులో చిక్కితే ఇక లాగినా బిగుసుకోదు. మామూలు దారం తెగుతుంది, డెంటల్ ఫ్లాస్ వాడు.

విప్పేటప్పుడు ముడి విప్పి తియ్యి. కట్టు అలాగే ఉంచి కాలు లాగితే ముందుగా తెగేది ఆ కుట్లే.

పెద్దమ్మ