రేషన్ అమ్ముకున్న కుటుంబాన్ని జాబితా నుంచి తొలగించాలా?
పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఇల్లూ పొలమూ వదిలి వచ్చినవారికి తిండి, బతుకుతెరువు దొరికేలా చూసే పని గురించి ఈ మధ్య ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. యుద్ధం, హింస, పీడనల వల్ల ఇల్లు విడిచినవారి సంఖ్య 2024 చివరినాటికి 12 కోట్ల 32 లక్షలని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్కగట్టింది. వారిలో సగానికి పైగా సొంత దేశపు సరిహద్దు దాటనివారే. వరదలకు కదిలినవారు ఈ లెక్కలో లేరు. ఈ రంగంలోకి రావాలనుకునేవారూ, వచ్చి తికమకపడుతున్నవారూ రాసిన ఆరు ఉత్తరాలకు ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: వ్యవసాయశాస్త్రంలో పట్టా పూర్తిచేశాను. నిర్వాసితుల కోసం పనిచేసే ఒక సంస్థలో ‘ఆహార భద్రత, జీవనోపాధి’ విభాగంలో చేరబోతున్నాను. పంటల గురించి తెలుసు గాని ఈ పని గురించి తెలియదు. ముందుగా ఏం నేర్చుకోవాలి?

జవాబు: పంటల గురించి తెలియడం మంచిదే గాని, మొదటి కొన్ని నెలల్లో మీకు దానితో పెద్దగా అవసరం పడకపోవచ్చు. ఆహార భద్రత అనగానే తిండిగింజల దిగుబడి గుర్తుకు రావడం మనకు అలవాటు. 1996లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార సదస్సు ఇచ్చిన నిర్వచనాన్ని అనుసరించి ఈ రంగంలో నాలుగు సంగతులు చూస్తారు: తిండి అందుబాటులో ఉందా, దాన్ని కొనుక్కునే స్తోమత ఇంటికి ఉందా, తిన్నది ఒంటికి పడుతోందా, ఈ మూడూ ఏడాది పొడవునా నిలుస్తాయా. నిర్వాసితుల విషయంలో చాలాసార్లు తప్పిపోయేది రెండవది. శిబిరం పక్కన సంత నిండుగానే ఉంటుంది. కొనడానికి చేతిలో డబ్బుండదు, పనిచేసి సంపాదించుకుందామంటే అనుమతి ఉండదు.

మీరు మొదట చేతపట్టేది నాగలి కాదు, ప్రశ్నావళి. గత ఏడు రోజుల్లో ఇంట్లో ఏమేం తిన్నారో ఎనిమిది రకాలుగా విడదీసి, ఒక్కొక్కటి ఎన్ని రోజులు తిన్నారో అడిగి, ఆ రోజులను ఆ రకానికి కట్టిన విలువతో హెచ్చించి మొత్తం కూడతారు. ధాన్యాలకూ దుంపలకూ 2, పప్పులకు 3, మాంసం, చేపలు, గుడ్లకు 4, పాలకూ 4, కూరగాయలకూ పండ్లకూ ఒక్కొక్కటి, నూనెకూ చక్కెరకూ అర చొప్పున విలువ. మామూలుగా ఆ మొత్తం 21 దాటకపోతే ఆ ఇంటి తిండి చాలా హీనంగా ఉన్నట్టు, 35 దాటితే ఫరవాలేదన్నట్టు. నూనె, చక్కెర రోజూ వాడే చోట ఈ హద్దులను 28కి, 42కి పెంచుతారు. లెక్క తేలికే, తప్పు చేయడం ఇంకా తేలిక. కూరలో రుచికోసం వేసిన చిటికెడు ఎండుచేప పొడిని చేపల కింద రాశారనుకోండి, ఏడు రోజులకు ఆ ఇంటికి ఏకంగా 28 కలుస్తుంది. కాగితం మీద ఆకలి తీరిపోతుంది, ఆ కుటుంబం జాబితాలోంచి జారిపోతుంది.

దీనికి తోడు మరో ఐదు ప్రశ్నలుంటాయి. తక్కువ రకం తిండితో సరిపెట్టుకున్నారా, తిండికోసం అప్పుచేశారా, వడ్డించే పరిమాణం తగ్గించారా, పూటలు తగ్గించారా, పిల్లలకు పెట్టడం కోసం పెద్దలు తినడం తగ్గించుకున్నారా అని అడుగుతారు. చివరిదానికే అన్నిటికంటే ఎక్కువ విలువ, 3. పొరుగువారు వింటూ ఉంటే ఏ తల్లీ ఆ ప్రశ్నకు నిజం చెప్పదు. పక్కన కొడుకు నిలబడి ఉంటే అసలే చెప్పదు. కనుక పిల్లవాణ్ణి కాస్త దూరం పంపించి, కాగితం మూసిపెట్టి, మామూలు మాటల్లో అడగడం నేర్చుకోండి. ఆ మనుషుల భాషలో కనీసం వంటింటి మాటలు వస్తే, మీ పట్టా కంటే అవే ఎక్కువ అక్కరకొస్తాయి. కొలమానాల కోసం, అత్యవసర సాయానికి కనీస ప్రమాణాలు చెప్పే స్ఫియర్ చేతిపుస్తకం 2018 ముద్రణ దగ్గర ఉంచుకోండి. అత్యవసర సమయంలో మనిషికి రోజుకు సగటున 2,100 కిలోకేలరీలు అందాలన్నది అందులోని లెక్కే. అది ప్రణాళిక వేసుకోవడానికి పెట్టుకున్న సగటు మాత్రమేనని గుర్తుంచుకోండి. చలి ఎక్కువగా ఉన్నచోట, ఒళ్ళు వంచి పనిచేసేవారు ఎక్కువగా ఉన్నచోట అది చాలదు.

ప్రశ్న: ఒక శిబిరంలో రేషన్ పంపిణీ కేంద్రంలో ఏడాదిగా పనిచేస్తున్నాను. ధాన్యం తీసుకున్న గంటలోపే కొందరు గేటు బయట దాన్ని వ్యాపారులకు అమ్మేస్తున్నారు. అవసరం లేనివారికి ఇస్తున్నామనీ, అలాంటి కుటుంబాలను జాబితా నుంచి తొలగించాలనీ మా పైఅధికారి అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, కానీ ఎదురు చెప్పడానికి తగిన వాదన కూడా నా దగ్గర లేదు.

జవాబు: మీ మనసు చెబుతున్నదే సరైనది. వాదన కావాలంటే గేటు బయటికి వెళ్ళి ఒక పూట నిలబడండి. నేనొకసారి అలా నిలబడి ఒకావిడను గమనించాను. ఆమెకు ఇచ్చినది మర పట్టించని మొక్కజొన్న. డబ్బాతో కొలిచి మూడు డబ్బాలు అమ్మింది. వచ్చిన డబ్బులో సగం మిగిలిన గింజలను మర పట్టించడానికే పోయింది. మిగతాదానితో ఒక కట్ట పుల్లలు, ఉప్పు, సబ్బు, చంటిబిడ్డ కోసం కొద్దిగా పాలపొడి కొన్నది. ఆ సంచిలో గింజలు తప్ప వండుకోవడానికి కావలసినవేవీ మేము ఇవ్వలేదు. ఆమె చేసినది మా పొరపాటును సొంత ఖర్చుతో దిద్దుకోవడం. వంటచెరుకు ఇవ్వకపోతే దానికోసం ఆడవాళ్ళు శిబిరం దాటి చాలా దూరం నడవాలి. ఆ దారుల్లో జరిగే దాడుల గురించి ఎన్నో దేశాల శిబిరాల నుంచి ఫిర్యాదులున్నాయి. మూడు డబ్బాల గింజలు అమ్మి పుల్లలు కొనుక్కోవడం ఆ లెక్కన తెలివైన పని.

అమ్ముకోకుండా ఇచ్చింది ఇచ్చినట్టు తింటే ఏమవుతుందో మలావీలో కళ్ళారా చూశారు. మొజాంబిక్‌లో అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవారికి అక్కడ ఇచ్చిన రేషన్‌లో ప్రధానమైనది మొక్కజొన్న. దాంతోపాటు ఇచ్చే వేరుశనగ సరఫరా తెగిపోయింది. మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ ఉన్నా, దాన్ని సున్నపు నీటిలో నానబెట్టి వండితే తప్ప శరీరం సరిగా గ్రహించలేదు. ఆ లోటు తీరుస్తున్నది వేరుశనగే. 1990లో అక్కడ పెల్లాగ్రా జబ్బు 17 వేల మందికి పైగా సోకింది. చర్మం మాడినట్టయి పొరలు లేచే జబ్బు అది. ముదిరితే విరేచనాలు, మతిభ్రమణం, మరణం. కేలరీల లెక్క సరిపోయినంత మాత్రాన తిండి సరిపోయినట్టు కాదని ఈ రంగం ఇంత ఖరీదు పెట్టి నేర్చుకుంది. కొంత ధాన్యం అమ్మి పప్పో, కూరగాయలో కొనుక్కునే ఇల్లాలు ఆ పాఠం చదవకుండానే పాటిస్తోంది.

మీ పైఅధికారికి నోటిమాటగా కాదు, లెక్కగా చెప్పండి. పంపిణీ అయిన రెండు వారాలకు కొన్ని ఇళ్ళకు వెళ్ళి ఎంత తిన్నారు, ఎంత అమ్మారు, ఆ డబ్బుతో ఏం కొన్నారు, అమ్మిన ధర ఎంత, అదే సరుకు తిరిగి కొనాలంటే ధర ఎంత అని అడిగి పట్టిక తయారుచేయండి. శిబిరమంతా ఒకే రోజు అమ్మకానికి దిగితే ధర పడిపోతుంది, లాభమంతా వ్యాపారిదే అవుతుంది. పంపిణీని వారంలో వేర్వేరు రోజులకు విడదీస్తే ఆ నష్టం కొంత తగ్గుతుంది. గింజలకు బదులు పిండి ఇవ్వవచ్చు, లేదా మర కూలి కలిపి ఇవ్వవచ్చు. ఇవేమీ చేయకుండా పేర్లు కొట్టేస్తే, ఆ కుటుంబాలు అమ్మడం మానవు, రహస్యంగా అమ్ముతాయి. ధర ఇంకా పడిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. అప్పుకింద రేషన్ కార్డును వ్యాపారి దగ్గర తాకట్టు పెట్టడం, ఒకే మనిషి పదిమంది కార్డులతో వరుసలో నిలబడడం కనిపిస్తే ఉపేక్షించకండి. అక్కడ కూడా తొలగించవలసింది కార్డు పోగొట్టుకున్న కుటుంబాన్ని కాదు.

ప్రశ్న: వస్తువులకు బదులు నగదు ఇస్తున్నారని చదివాను. తాగుడుకూ సిగరెట్లకూ పోదా?

జవాబు: ఈ అనుమానం నాకూ ఒకప్పుడు ఉండేది. 2014లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన ఒక సమీక్ష నగదు బదిలీ మీద జరిగిన 19 అధ్యయనాలను పరిశీలించి, మద్యం, పొగాకుల మీద ఖర్చు దాదాపు ఎక్కడా పెరగలేదనీ, కొన్నిచోట్ల తగ్గిందనీ తేల్చింది. తాగేవాడు ధాన్యం అమ్మి కూడా తాగగలడు, ఆ మాటకొస్తే. కెన్యాలోని కకుమా శిబిరంలో 2015 నుంచి రేషన్‌లో కొంత భాగాన్ని మొబైల్ ఫోన్ వోచర్‌గా ఇవ్వడం మొదలుపెట్టారు. తుర్కియేలో 2016 నుంచి సిరియా శరణార్థి కుటుంబాలకు బ్యాంకు కార్డులు ఇచ్చారు. ఏం కొనాలో తేల్చుకునే పని ఇంటివాళ్ళకే వదిలేస్తే, గేటు బయటి అమ్మకంలో వచ్చే నష్టం తప్పుతుంది.

అయితే నగదు పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. దారులు మూసుకుపోయి సరుకు రానిచోట డబ్బు పోస్తే ధరలు పెరుగుతాయి, ఆ బరువు సాయం అందని స్థానికుల మీద కూడా పడుతుంది. ధరలు నెలనెలా పెరిగేచోట కార్డులోని మొత్తం అలాగే ఉంటే, సంచి చెప్పాపెట్టకుండా తేలికవుతూ పోతుంది. అందుకే నగదు ఇచ్చే సంస్థ సంతలో ధరలను ప్రతి వారం రాసుకోవాలి. ఈ పనిని విసుగుగా భావించి చిన్న ఉద్యోగికి అప్పగిస్తుంటారు. నా దృష్టిలో అది పొరపాటు.

ప్రశ్న: మా సంస్థ మూడు విడతలుగా అరవై మంది నిర్వాసిత మహిళలకు కుట్టుపని నేర్పి, మిషన్లు ఇచ్చింది. ఎనిమిది నెలల తర్వాత చూస్తే నలుగురే సంపాదిస్తున్నారు. కొందరు మిషన్లు అమ్మేశారు. మేం ఎక్కడ పొరబడ్డాం?

జవాబు: నేర్పడంలో కాదు, నేర్పకముందు. అరవై మంది దర్జీలు కుట్టే బట్టలు కొనేవారు ఎవరు? శిబిరంలో చాలామంది వేసుకునేవి మూటల్లో వచ్చే పాత బట్టలు. కొత్తవి కుట్టించుకునే స్తోమత ఉన్నవారు శిబిరం బయట ఉంటారు. అక్కడికి వెళ్ళడానికి మీ మహిళలకు అనుమతి ఉందా, దారి ఖర్చు ఎంత, పసిపిల్లలను ఎవరు చూస్తారు, ఇప్పటికే ఉన్న దర్జీలు ఏమంటారు? ఈ ప్రశ్నలతో వారం రోజులు సంతలో తిరిగి ఉంటే బహుశా పదిహేను మందికి మాత్రమే కుట్టుపని నేర్పి, మిగిలినవారికి ఇంకేదో చూసి ఉండేవారు.

చట్టం సంగతి కూడా చూడాలి. 1951 శరణార్థుల ఒడంబడిక 17, 18 అధికరణలు కూలికి పనిచేసే హక్కు గురించీ, సొంతంగా పనిచేసుకోవడం గురించీ చెబుతాయి. కానీ అన్ని దేశాలూ దానిలో చేరలేదు, చేరినవన్నీ పాటించడం లేదు. ఉగాండా 2006 చట్టం శరణార్థులకు పనిచేసే హక్కునూ తిరిగే స్వేచ్ఛనూ ఇచ్చింది. ఆవాసాల్లో సాగుకు చిన్న కమతాలు కూడా ఇస్తారు. ఒడంబడికలో చేరని జోర్డాన్ 2016లో దాతలతో ఒప్పందం చేసుకుని సిరియావారికి కొన్ని రంగాల్లో పని అనుమతులు ఇవ్వడం మొదలుపెట్టింది. బంగ్లాదేశ్‌లో రోహింగ్యాలకు శిబిరం బయట పనిచేసే అనుమతి లేదు. ఈ మూడు చోట్లా ఒకే శిక్షణ ఇచ్చి ఒకే ఫలితం ఆశించడం కుదరదు.

మిషన్ అమ్మినవారిని తప్పుపట్టకండి. చేతిలో పూట గడవని ఇంటికి మీరు ఇచ్చిన ఆస్తి ముందుగా కనిపించేది అమ్ముకోదగిన వస్తువుగానే. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో నిరుపేదల కోసం మొదలుపెట్టిన పద్ధతిలో ఆస్తితోపాటు కొంతకాలం తిండి ఖర్చుకు డబ్బు, పొదుపు, తరచూ ఇంటికి వచ్చి చూసే కార్యకర్త కూడా ఉండడానికి కారణం ఇదే. పనిలో రాబడి మొదలయ్యేదాకా పొయ్యి మీద కుండ ఎక్కడానికి వేరే దారి ఉండాలి. మేకలు పంచేవారికీ ఇదే వర్తిస్తుంది. మేత, నీళ్ళు, పశువైద్యం చూడకుండా పంచిన మేక ఆ నెలలోనే కసాయి దగ్గరికి చేరుతుంది.

ప్రశ్న: శిబిరం చుట్టుపక్కల ఊళ్ళవారు మమ్మల్ని కోపంగా చూస్తున్నారు. వారికి ఏం చెప్పాలి?

జవాబు: చెప్పడం కంటే ఇవ్వడం మేలు. వారూ పేదవారే అయినచోట ఆ కోపం న్యాయమైనది. ఉగాండాలో శరణార్థుల కోసం వచ్చే సాయంలో 30 శాతం స్థానికులకు చేరాలన్న సూత్రం పెట్టుకున్నారు. మీ బావి, మీ మర, మీ శిక్షణ ఊరివారికి కూడా తెరిచి ఉంచేలా మీ సంస్థను ఒప్పించండి.

ప్రశ్న: నిధులు లేక వచ్చే నెల నుంచి రేషన్ తగ్గుతోంది. ఆ మాట కుటుంబాలకు చెప్పే బాధ్యత నామీద పడింది. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: మీ కష్టం మీ ఒక్కరిదే కాదు. 2023లో బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో రోహింగ్యాలకు మనిషికి నెలకు ఇచ్చే 12 డాలర్ల విలువైన ఆహార వోచర్‌ను మార్చిలో 10కి, జూన్‌లో 8కి తగ్గించవలసి వచ్చింది. అక్కడ ఆకలి తగ్గలేదు, నిధులు తగ్గాయి. 2024 జనవరిలో మళ్ళీ 10 చేశారు. ఆ రోజుల్లో కుటుంబాలకు ఆ మాట చెప్పినవారు కూడా మీలాంటి ఉద్యోగులే.

పంపిణీ రోజున వరుసలో నిలబడ్డాక చెప్పకండి. రెండు వారాల ముందే చెప్పండి. పెద్దమనుషులకు చెప్పి ఊరుకోకుండా మహిళలను విడిగా కూర్చోబెట్టి చెప్పండి, మంచం దిగలేనివారి ఇళ్ళకు వెళ్ళండి. ఎవరు నిర్ణయించారో, ఎందుకో దాచకండి. మళ్ళీ ఎప్పుడు పెరుగుతుందో మీకు తెలియకపోతే తెలియదనే చెప్పండి. శాతాలు చెబితే ఎవరికీ అర్థం కాదు. పాత కొలత డబ్బానూ కొత్త కొలత డబ్బానూ పక్కపక్కన పెట్టి చూపించండి. గర్భిణులకూ పసిపిల్లలకూ ఇచ్చే పోషకాహారంలో కోత లేకపోతే ఆ సంగతి వేరుగా, రెండుసార్లు చెప్పండి. లేకపోతే అది కూడా ఆగిపోయిందనుకుని రావడం మానేస్తారు. పంపిణీ రోజు మాత్రం ఆఖరి కుటుంబం వెళ్ళేదాకా ఫిర్యాదుల బల్ల దగ్గర మీరే కూర్చోండి.