వాత, పిత్త, కఫాలు సమంగా ఉండాలంటే అసలు ఏం చేయాలి?

మీరు అడిగినవి మూడు. ఆన్‌లైన్ క్విజ్‌లో మీది "వాత–పిత్త శరీరం" అని వచ్చింది, మరి మూడు దోషాలూ (ఒంటిని నడిపిస్తాయని ఆయుర్వేదం చెప్పే వాత, పిత్త, కఫాలు) సమంగా ఉండాలంటే ఏం తినాలి అన్నది మొదటిది. కాల్ సెంటర్‌లో నైట్ షిఫ్టుల వల్ల గ్యాస్, నిద్రలేమి పట్టుకున్నాయి, అశ్వగంధ తెప్పించుకుని వాడొచ్చా అన్నది రెండోది. రాత్రి పెరుగన్నం మానేయాలా అన్నది మూడోది.

నేను డాక్టర్‌ని కాదు, స్కూల్ టీచర్‌ని. కడుపు ఉబ్బరంతో ఏళ్ళ తరబడి అవస్థ పడి, విజయవాడలో ఒక పెద్దావిడ దగ్గర (ఆయుర్వేదంలో ఎండీ చేసినావిడ) కొన్నాళ్ళు వైద్యం చేయించుకున్నదాన్ని. ఆ తర్వాత ఆసక్తి పుట్టి వాగ్భటుడు రాసిన పాతకాలపు ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం, తెలుగు తాత్పర్యంతో ఉన్న పుస్తకం తెచ్చుకుని తీరిక దొరికినప్పుడల్లా చదువుతున్నాను. నా మాటలు ఆ మేరకే తీసుకోండి.

ముందు ఆ క్విజ్‌ను పక్కన పెట్టేయండి. చర్మం పొడిగా ఉంటుందా, కోపం త్వరగా వస్తుందా అని పది ప్రశ్నలు అడిగి, చివర్లో ఒక పొడి డబ్బా అంటగట్టడానికే అవి ఎక్కువగా ఉంటాయి. ఆయుర్వేదంలో ప్రకృతి వేరు, వికృతి వేరు. పుట్టుకతో మీ ఒంట్లో మూడు దోషాలు ఏ పాళ్ళలో ఉన్నాయన్నది ప్రకృతి, అది ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది, దాన్ని మార్చాల్సిన పని లేదు. ఆ పాళ్ళలో ఇప్పుడు ఏది పెరిగింది, ఏది తగ్గింది అన్నది వికృతి. వైద్యం జరిగేది దీనికే. కాబట్టి మూడింటినీ తలా మూడో వంతుకి తెచ్చుకోవాలని కంగారు పడకండి, మీ పాళ్ళు మీకుంటే చాలు. వాత శరీరం ఉన్నవాళ్ళకి కఫం పెరిగి దగ్గు రాదా? వస్తుంది. అప్పుడు చూడాల్సింది కఫాన్ని.

మా డాక్టరమ్మ నన్ను మొదటిసారి చూసిన తీరు చెప్తాను, మీకు ఉపయోగపడుతుంది. మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి నాడి చూశారు. నేనేమో ఇప్పుడేదో పెద్ద రహస్యం బయటపెడతారని చూస్తున్నాను. ఆవిడ చెయ్యి వదిలేసి నాలుక చాపమన్నారు. "పొద్దున్నే నాలుక మీద ఇలాగే తెల్లగా పాచి ఉంటుందా? ఆకలేసి తింటున్నావా, టైమ్ అయిందని తింటున్నావా? తిన్న రెండు మూడు గంటలకి త్రేన్పు వస్తే అందులో కూర వాసన వస్తోందా? మోషన్ గట్టిగా అవుతోందా, జిగటగానా?" ఇలా ఒకటే ప్రశ్నలు. ఆపుకోలేక నేనే అడిగాను, "నాది ఏ తత్వమండీ?" అని. "అది తర్వాత చూద్దాంలేమ్మా, ముందు నీ అగ్ని సంగతి తేలనీ" అన్నారు.

అగ్ని అంటే జఠరాగ్ని, అరిగించుకునే శక్తి. నా మట్టుకు నాకు ఆయుర్వేదం మొత్తంలో పనికొచ్చే విషయం ఏదంటే ఇదే అంటాను. దీనికి నాలుగు స్థితులు చెప్పారు. తిన్నది వేళకి అరిగి మళ్ళీ వేళకి ఆకలేస్తే సమాగ్ని. వాతం ఎక్కువైతే విషమాగ్ని, ఒకరోజు రాళ్ళు తిన్నా అరుగుతాయి, ఇంకోరోజు రెండు ఇడ్లీలు సాయంత్రం దాకా కడుపులోనే కూర్చుంటాయి. పిత్తం ఎక్కువైతే తీక్ష్ణాగ్ని, ఎంత తిన్నా మళ్ళీ ఆకలి, ఆలస్యమైతే మంట, చిరాకు. కఫం ఎక్కువైతే మందాగ్ని, పసిపిల్లలకి "మందం చేసింది" అంటామే, అలాంటిదన్నమాట. సరిగ్గా అరగకుండా మిగిలిపోయేదాన్ని ఆమం అంటారు. ఒళ్ళు బరువు, నోరు రుచి తెలియకపోవడం, నాలుక మీద పాచి దాని గుర్తులు. అగ్ని మందగిస్తే రోగాలన్నీ వస్తాయని వాగ్భటుడు అన్నాడు, మన పెద్దవాళ్ళు లంఖణం పరమౌషధం అన్నారు, రెండూ ఒకే దారిలో ఉన్నాయి.

నాది విషమాగ్ని అని తేల్చి, హింగ్వాష్టక చూర్ణం రాశారు. చిన్న చెంచాలో సగం, మధ్యాహ్నం భోజనంలో మొదటి ముద్దలో నెయ్యి వేసి కలుపుకుని తినమన్నారు. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము, సైంధవ లవణం, జీలకర్ర, నల్ల జీలకర్ర, ఇంగువ, ఈ ఎనిమిదీ అందులో ఉంటాయి. మా అమ్మ ఆ సీసా మూత తీసి వాసన చూసి "దీనికి విజయవాడ దాకా వెళ్ళాలా, మన శొంఠిపొడీ వాముపొడీనే కదా" అంది. అమ్మ మాటా నిజమే, బాలింతలకి మొదటి ముద్దలో కారప్పొడీ నెయ్యీ కలిపి పెట్టే ఇళ్ళే మనవి. (మీకు కడుపులో మంట, పుల్లటి త్రేన్పులు ఉంటే మాత్రం ఇది వాడకండి, అసలే వేడి చేసే దినుసులు.)

ఇక ఏం తినాలి అన్నదానికి వస్తే, సూత్రం ఒకటే. ఒకే గుణం ఉన్నవి ఒకదాన్నొకటి పెంచుతాయి, విరుద్ధ గుణం ఉన్నవి తగ్గిస్తాయి. వాతానికి చెప్పిన గుణాలు చూడండి: పొడిదనం, తేలిక, చల్లదనం, గరుకు, కదలిక. ఇప్పుడు మీ రోజును దాని పక్కన పెట్టండి. రాత్రంతా మేలుకోవడం, ఏసీ, వేళ తప్పిన తిండి, చిప్స్, మరమరాలు, అన్నం బదులు టీ, తెల్లారుజామున బైక్ మీద ఎదురుగాలిలో ఇంటికి. ఒక్కటైనా వాతాన్ని పెంచనిది ఉందా? మందు మాట తర్వాత, వీటికి ఎదురు వెళ్ళండి. వేడిగా, కాస్త నెయ్యో నూనో తగిలేలా, వేళకి తినండి.

రుచుల లెక్క కూడా ఇలాగే ఉంటుంది. ఉగాది పచ్చడిలో ఆరు రుచులూ వేస్తాం కదా, వాటిలో తీపి, పులుపు, ఉప్పు వాతాన్ని తగ్గించి కఫాన్ని పెంచుతాయి. కారం, చేదు, వగరు కఫాన్ని తగ్గించి వాతాన్ని పెంచుతాయి. పిత్తం తగ్గాలంటే తీపి, చేదు, వగరు. అందుకే ఒకరికి పథ్యం అయినది ఇంకొకరికి పడదు. పచ్చి మొలకలు, సలాడ్లు, ఎండు రొట్టెలు ఆరోగ్యమని ఎవరో చెప్తే గ్యాస్ ఉన్నవాళ్ళు కూడా మొదలుపెట్టేస్తారు, కడుపు ఇంకా బిగుసుకుపోతుంది. ఆ పెసలే నానబెట్టి ఉడికించి జీలకర్ర, ఇంగువ పోపు పెడితే అదే కడుపుకి హాయిగా ఉంటుంది. ఎంత తినాలన్నదానికీ కొలత ఉంది: పొట్టను నాలుగు భాగాలు అనుకుంటే రెండు భాగాలు ఘనాహారానికి, ఒకటి నీళ్ళకి, ఒకటి గాలి ఆడటానికి ఖాళీగా వదలాలి. మా ఇళ్ళలో పెళ్ళి భోజనం నాడు ఈ మాట ఎవరికీ గుర్తుండదనుకోండి.

వేళ సంగతి మీకు ముఖ్యం. పగలైనా రాత్రైనా మొదటి భాగం కఫానిది, మధ్యది పిత్తానిది, చివరిది వాతానిది. మధ్యాహ్నం పెద్ద భోజనం చేయమనేది అందుకే. మీరు షిఫ్టుకి వెళ్ళే ముందే గట్టి భోజనం ముగించి, మధ్యలో వేడిగా ఏదైనా తేలికపాటిది తాగితే నయం. ఇంకో మంచి మాట దొరికింది నాకు ఆ పుస్తకంలో: అలవాటు లేని జాగరణ చేస్తే, ఎంతసేపు మేలుకున్నామో అందులో సగం సేపు మర్నాడు పొద్దున్న ఏమీ తినకుండా పడుకోమన్నాడు. షిఫ్టు అవ్వగానే క్యాంటీన్లో పూరీ తినేసి ఇంటికొచ్చి పడుకునే అలవాటు ఉంటే, దాన్ని తిరగేసి చూడండి. ముందు నిద్ర, తర్వాత తిండి.

ఋతువుల్ని బట్టి కూడా మారుతుంది. వాతం ఎండల్లో పోగుపడి వానల్లో బయటపడుతుందని, పిత్తం వానల్లో పోగుపడి దసరా రోజుల ఎండకి బయటపడుతుందని, చలికాలంలో చేరిన కఫం వసంతంలో కరిగి జలుబు, దగ్గులు తెస్తుందని లెక్క. మోకాళ్ళ నొప్పులవాళ్ళు తొలకరి పడగానే ఎందుకు మూలుగుతారో చూస్తూనే ఉన్నాం.

ఒక్క విషయం మాత్రం ఎవరూ చెప్పరు, నేను గట్టిగా చెప్తాను. ఆపుకోకూడని వేగాలు అని పదమూడు చెప్పారు. మలం, మూత్రం, అపానవాయువు, తుమ్ము, ఆకలి, దాహం, నిద్ర, ఆవలింత, కన్నీళ్ళు కూడా ఉన్నాయి అందులో. ఇవి ఆపుకుంటే వాతం దారి తప్పుతుందని. నేను పనిచేసిన ఒక స్కూల్లో ఆడవాళ్ళకి సరైన బాత్రూమ్ ఉండేది కాదు. పొద్దున తొమ్మిది నుంచి బెల్లు కొట్టేదాకా నీళ్ళు తాగకుండా, వచ్చింది ఆపుకుంటూ పాఠాలు చెప్పేవాళ్ళం, మా స్టాఫ్‌రూమ్‌లో సగం మందికి మలబద్ధకం, మిగతా సగానికి యూరిన్ ఇన్‌ఫెక్షన్లు. ఇది చెప్పినప్పుడు డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపి "ఇది మారకపోతే నా చూర్ణం ఏం చేస్తుందమ్మా" అన్నారు. మీ కాల్ ఫ్లోర్‌లో బ్రేక్ దొరక్క ఇదే పరిస్థితి ఉంటే, క్విజ్ కన్నా ముందు అది చూసుకోండి.

అశ్వగంధ. సొంతంగా మొదలుపెట్టొద్దు. థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళలో అది హార్మోన్ మోతాదును తారుమారు చేయగలదు, కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి, గర్భిణులు వాడకూడదు. ఆయుర్వేదం లెక్కలో చూసినా, ఒళ్ళు శుద్ధి కాకుండా రసాయనం (అంటే అశ్వగంధ లాంటి బలం మందు) వాడటం మురికి గుడ్డకి రంగు వేసినట్టు అని శాస్త్రమే చెప్తోంది. నాలుక మీద పాచి, కడుపు ఉబ్బరం ఉండగా బలానికి మందు ఎందుకు? పైగా ఆన్‌లైన్ సరుకు. 2008లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన పరిశోధనలో, ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తుల్ని పరీక్షిస్తే దాదాపు ఐదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. భస్మాలు, రసౌషధాలు (లోహాలు, పాదరసం లాంటివి వేసి చేసే మందులు) అయితే డాక్టర్ చీటీ లేకుండా ముట్టుకోకండి.

అలాగే వాతం ఇంత, పిత్తం ఇంత అని రక్తపరీక్షలో కొలిచేది ఏదీ లేదు. ఇది ఒంటిని గమనించుకోవడానికి పాతకాలం వాళ్ళు వేసుకున్న లెక్క, తిండి, నిద్ర విషయంలో నాకు బాగా పనిచేసింది, అంతవరకే నమ్ముతాను. షుగర్, బీపీ మాత్రలు ఆపేయమనే వైద్యుడి దగ్గర కూర్చోకండి. మా డాక్టరమ్మ మొదటి రోజే థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు రాశారు. మీరూ నిద్ర లేదంటున్నారు కాబట్టి అవి చేయించుకునే వెళ్ళండి. బరువు తగ్గుతున్నా, మోషన్‌లో రక్తం కనబడినా ముందు మామూలు డాక్టర్ దగ్గరికే.

చివరగా పెరుగు. రాత్రి తినొద్దు, వేడి చేయొద్దు అని వాగ్భటుడు స్పష్టంగానే రాశాడు, కఫాన్నీ పిత్తాన్నీ పెంచుతుందని. మజ్జిగని మాత్రం మెచ్చుకున్నాడు, తేలిక, ఆకలి పుట్టిస్తుంది అని. మీకు రాత్రి అన్నంలోకి ఏదో ఒకటి లేకపోతే భోజనం అయినట్టు ఉండదు అంటే, వెన్న తీసిన పల్చటి మజ్జిగలో చిటికెడు శొంఠి, జీలకర్ర పొడి కలిపి పోసుకోండి. కొన్నాళ్ళు చూసి తేడా లేకపోతే మళ్ళీ పెరుగే తినండి. మా ఇంట్లో నేను మజ్జిగకి మారాను. మా ఆయన రాత్రి గడ్డపెరుగు లేకపోతే కంచం ముందు నుంచి లేవరు, ఆయనకి గ్యాసూ లేదు, పడుకుంటే పది నిమిషాల్లో గురక, ఆయన జోలికి నేనూ పోలేదు, డాక్టరమ్మా పోలేదు.