బూజు పాకని చోట కాండం ఎందుకు కుళ్ళుతుంది?

ప్రశ్న: కావలి దగ్గర ఇసుక నేలలో వేరుశనగ వేశాము. కొన్ని మొక్కలు వాలిపోతే మట్టి తీసి చూశాను. కాండం మొదలు దగ్గర తెల్లని బూజు, అందులో ఆవగింజంత గోధుమరంగు ఉండలు ఉన్నాయి. బూజు పాకని పైభాగం కూడా వేలితో నొక్కితే చితికిపోతోంది. తాకకుండానే కుళ్ళించడం ఎలా సాధ్యం? జిప్సం వేస్తే ఆగుతుందా?
– ఒక రైతు, నెల్లూరు జిల్లా

జవాబు: ఇవి స్క్లెరోషియం రాల్ఫ్సీ అనే శిలీంధ్రం కలిగించే కాండం కుళ్ళు తెగులు లక్షణాలు. పైభాగాన్ని కూడా నొక్కి చూసి మంచి పని చేశారు, ఈ శిలీంధ్రం నేర్పంతా అక్కడే బయటపడుతుంది. ఇది ముందుగా ఎంజైములను, ఆక్సాలిక్ ఆమ్లాన్ని స్రవిస్తుంది. అవి బూజు పోగుల కంటే ముందుకు ఊరి కణాలను చంపిన తరువాతే బూజు అక్కడికి చేరుతుంది.

మొక్క కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచేది పెక్టిన్. పాలీగెలాక్చురొనేస్ అనే ఎంజైము ఆ పెక్టిన్ గొలుసులోని బంధాలను నీటి అణువు సాయంతో తెంచుతుంది. చివరి నుంచి ఒక్కొక్కటిగా కాక నడుమ ఎక్కడ పడితే అక్కడ తెంచుతుంది కనుక, కొద్ది బంధాలు తెగినా కణజాలం విడిపోతుంది. అయితే కాల్షియంతో బిగిసిన పెక్టిన్ దీనికి సులభంగా లొంగదు. పైగా పీహెచ్ (పులుపును తెలిపే కొలత, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4–5 మధ్య చురుగ్గా ఉండే ఈ ఎంజైము, అంత పులుపు లేని మొక్క రసంలో మందగిస్తుంది. ఆక్సాలిక్ ఆమ్లం ఈ రెండు అడ్డంకులనూ ఒకేసారి తొలగిస్తుంది: కాల్షియాన్ని లాగి ఆక్సలేటుగా మారుస్తుంది, పీహెచ్‌ను దించుతుంది. ఈ జంట చర్యను బేట్‌మన్, బీర్ అనే శాస్త్రవేత్తలు 1965లోనే వివరించారు. ఎంజైము ప్రోటీను కావడంతో మరిగిస్తే పని మానేస్తుంది, ఆమ్లం మాత్రం మిగులుతుంది; అందువల్ల ప్రయోగశాలలో ఏది ఎంత పాడు చేస్తోందో విడివిడిగా తేల్చవచ్చు.

ఇక జిప్సం సంగతి. అందులో కాల్షియం ఉన్న మాట నిజమే, తొలిపూత దశలో ఎకరాకు 200 కిలోలు వేయడం కాయ నిండడానికి అవసరమే. కానీ కాల్షియాన్నే కాజేసే ఆమ్లాన్ని నిరంతరం తయారుచేసుకునే శత్రువును అదొక్కటే ఆపుతుందని నమ్మవద్దు. వాలిన మొక్కలను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి, పొలం బయట నాశనం చేయండి. ఆ గోధుమరంగు ఉండలు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి కనుక వేసవిలో లోతు దుక్కి చేసి, తరువాతి పంటగా జొన్న గానీ సజ్జ గానీ వేయండి. ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం కూడా ఎంజైములతోనే పోరాడుతుంది, కైటినేస్, గ్లూకనేస్‌లతో ఈ తెగులు శిలీంధ్రపు కణకవచాన్నే కరిగిస్తుంది. దాన్ని మాగిన పశువుల ఎరువులో వృద్ధి చేసి, విత్తే ముందు తేమగల దుక్కిలో కలపాలి తప్ప, వాలిపోయిన మొక్కల మీద చల్లితే ఫలితం ఉండదు.