నెలసరి ఆగాక మూత్రంలో మంట, చుక్కలు పడటం: నా అనుభవం

మీకు 49 ఏళ్లు, నెలసరి ఆగి ఏడాదిన్నర, మూత్రంలో మంటకు ఎనిమిది నెలల్లో మూడోసారి యాంటీబయాటిక్. దగ్గితే చుక్కలు పడుతున్నాయని బయటికి వెళ్లే రోజుల్లో నీళ్లు మానేస్తున్నారు. తమిళ డాక్టరుకు ఎలా చెప్పాలో తెలియక, ఇంట్లో చెప్పుకోలేక, ఇది వయసుతో వచ్చేదేనా అని అడిగారు. నాకిప్పుడు 55. ఇదే చెన్నైలో, నాలుగేళ్ల కిందట మీరున్న చోటే ఉన్నాను. నేను డాక్టరును కాను. నాకు జరిగింది, నాకు వైద్యం చేసినవారు చెప్పింది రాస్తున్నాను.

ముందు నీళ్ల సంగతి, ఎందుకంటే అది మీరు ఈ రోజే మార్చుకోగలరు. నేను క్రోంపేట నుంచి బీచ్ వైపు లోకల్ రైల్లో ఆఫీసుకు వెళ్లేదాన్ని. ఆ రైళ్లలో మరుగుదొడ్డి ఉండదు. అందుకని పొద్దున రెండు గ్లాసుల ఫిల్టర్ కాఫీ తప్ప మధ్యాహ్నం వరకు ఏమీ తాగేదాన్ని కాదు, కర్తరి ఎండల్లో కూడా. దానితో ఇబ్బంది రెట్టింపయింది. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని రేపుతుంది, లోపలికి చేరిన క్రిములు కొట్టుకుపోవు. మలబద్ధకం మొదలవుతుంది, ముక్కి ముక్కి కటి అడుగున ఉండే కండరాలు మరింత వదులవుతాయి. పైగా కాఫీలోని కెఫీన్ ఉన్నట్టుండి మూత్రానికి పరుగెత్తించే గుణాన్ని పెంచుతుంది. మూత్రం లేత పసుపు రంగులో ఉండేలా రోజంతా కొంచెం కొంచెంగా తాగండి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించండి. కాఫీ ఒక్క పూటకు చాలు.

ఇక మంట. మా అత్తగారు "వేడి చేసింది" అన్నారు. పక్కింటి మామి కూడా "సూడు" అని అదే మాట తమిళంలో అన్నారు. ఏడాదిపాటు బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ తాగాను. తగ్గనప్పుడు పాత చీటీ చూపించి మందుల షాపులో అవే మాత్రలు కొనుక్కున్నాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. మూడోసారి మాత్రలు మొదలుపెట్టకముందే డాక్టరు మూత్రం కల్చర్ పరీక్ష, అంటే మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష, చేయించారు. ఏ క్రిమీ పెరగలేదు. మంట మాత్రం అలాగే ఉంది.

ఆ రిపోర్టు చూసిన గైనకాలజిస్టు, యోనిలో పొడిగా ఉంటోందా, భర్తతో కలిసినప్పుడు నొప్పి ఉంటోందా అని అడిగారు. రెండూ ఉన్నాయి. అప్పటివరకు నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ రెండింటికీ మూత్రంలో మంటకూ సంబంధం ఉంటుందని నాకు తోచనే లేదు. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గితే యోని గోడలే కాదు, మూత్రనాళం చుట్టూ ఉన్న పొర కూడా పలచబడి ఎండిపోతుందట. యోనిలో ఆమ్లతను కాపాడే లాక్టోబాసిల్లై అనే మేలుచేసే క్రిములు తగ్గి, పేగుల నుంచి వచ్చే క్రిములకు చోటు దొరుకుతుందట. అందుకే ఇన్ఫెక్షన్ లేకుండానే మంట రావచ్చు, అసలైన ఇన్ఫెక్షన్లూ పెరగవచ్చు. ఈ లక్షణాలన్నిటికీ కలిపి 2014లో వైద్య సంఘాలు జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్ అని పేరు పెట్టాయి. ఒంట్లో ఆవిర్లు చాలామందికి కొన్నేళ్లకు తగ్గిపోతాయి. ఇది మాత్రం చికిత్స లేకుండా సాధారణంగా తగ్గదు. కాబట్టి వయసుతో వచ్చేదే అయినా, వయసని ఓర్చుకోవలసినది కాదు.

పరీక్ష చేసి నాకు ఈస్ట్రియాల్ అనే ఒక రకం ఈస్ట్రోజెన్ క్రీము రాశారు. రెండు వారాలు రోజూ రాత్రి లోపల పెట్టుకోవడం, తర్వాత వారానికి రెండుసార్లు. హార్మోన్ అనగానే క్యాన్సర్ భయం పట్టుకుంది నాకు. లోపల పెట్టుకునే ఈ తక్కువ మోతాదు రక్తంలోకి చేరేది చాలా స్వల్పమని ఓపికగా చెప్పారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు మాత్రం క్యాన్సర్ వైద్యులను అడగకుండా వాడకూడదు. మార్పు తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత ఈ మూడున్నరేళ్లలో ఒక్కసారే ఇన్ఫెక్షన్ వచ్చింది, అదీ కల్చర్‌లో తేలాకే మందు వాడాను. లోపల సబ్బుతో కడగడం కూడా మాన్పించారు.

దగ్గితే పడే చుక్కలకు దారి వేరు, అది కండరాల పని. ఆ కటి అడుగు కండరాలను బిగించే కీగల్ వ్యాయామాలు వీడియోలు చూసి నెలల తరబడి తప్పుగా చేశాను, ఊపిరి బిగబట్టి పొట్టను నొక్కేదాన్ని. ఫిజియోథెరపిస్టు సరిదిద్దారు: అపానవాయువును ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి లాగాలి, పొట్టా తొడలూ కదలకూడదు, ఊపిరి ఆడుతూనే ఉండాలి. ఒక్కో విడతకు ఎనిమిది సార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయకండి. దగ్గు వస్తోందని తెలియగానే ముందుగా బిగించడం అలవాటు చేసుకోండి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ మీరు ఎత్తకండి, ఇంట్లో ఇంకెవరినైనా ఎత్తమనండి.

మూత్రంలో రక్తం కనిపించినా, జ్వరంతో నడుము పక్కన నొప్పి వచ్చినా, నెలసరి ఆగాక ఒక్క చుక్క రక్తస్రావమైనా, కింద ఏదో జారుతున్నట్టు తగిలినా ఇవేమీ చూస్తూ కూర్చోకుండా వెంటనే వెళ్లండి. చక్కెర పరీక్ష కూడా చేయించుకోండి.

భాష గురించి భయపడకండి. "నీర్ కడుప్పు" అంటే మూత్రంలో మంట అని ఇక్కడ ఎవరికైనా అర్థమవుతుంది. వెళ్లే ముందు మూడు రోజులు ఒక కాగితం మీద ఎన్ని గంటలకు ఎంత తాగారో, ఎప్పుడు మూత్రానికి వెళ్లారో, ఏం చేస్తుండగా చుక్కలు పడ్డాయో రాయండి. వాడిన యాంటీబయాటిక్ పేర్లు కింద రాయండి. పొడిబారడం, నొప్పి ఉంటే అవి కూడా అదే కాగితం మీద చేర్చండి. నేను నోరు తెరవలేక, ఈ రెండూ రాయని అలాంటి కాగితమే బల్ల మీద పెట్టాను. ఆ గైనకాలజిస్టు మొత్తం చదివాకే నన్ను ఆ ప్రశ్నలు అడిగారు.