అమెరికాలో మా ఇంటి వెనక క్రీక్ (వాగు) పక్కనున్న ఖాళీ నేలలో టౌన్‌హోములు కడతామంటున్నారు. ఆపగలమా?

ఆపవచ్చండి. కాకపోతే అందరూ చెప్పే మూడు కారణాలతో, అంటే చెట్లు పోతాయి, ట్రాఫిక్ పెరుగుతుంది, స్కూలు నిండిపోతుంది అంటే మాత్రం ఆగదు. నేనుండే ఊళ్ళో కూడా ఒక బిల్డర్ క్రీక్ ఒడ్డునున్న నేలకు రీజోనింగ్, అంటే అక్కడ ఏం కట్టవచ్చన్న నిబంధన మార్చమని అడిగాడు. హియరింగ్‌లో చాలామంది ఈ మూడే చెప్పారు. ప్లానింగ్ కమిషన్ వాళ్ళు మర్యాదగా విన్నారు గానీ, పెన్ను పట్టింది వరద మాట వచ్చినప్పుడే. అందుకే నేను చెప్పేదంతా నీళ్ళ గురించే.

ముందు మ్యాపు చూడండి. ఫెమా (విపత్తులు చూసే ఫెడరల్ సంస్థ) వాళ్ళ ఫ్లడ్ మ్యాప్ సర్వీస్ సెంటర్ సైటులో అడ్రసు కొడితే ఉచితంగానే వస్తుంది. ఆ నేలలో ఫ్లడ్‌వే ఎంత, దాని పక్క అంచు ఎంత అన్నది తేల్చుకోండి. ఫ్లడ్‌వే అంటే వరద పారే అసలు దారి. అంచు అంటే దానికి రెండు పక్కలా వరద నీళ్ళు పరుచుకునే నేల. అక్కడ ఏం కట్టాలన్నా వరద మట్టం పెరగదని ఇంజనీరు లెక్కలతో చూపించాలి కాబట్టి బిల్డర్లు దాని జోలికి పెద్దగా పోరు. గొడవంతా అంచు దగ్గరే. జాతీయ వరద బీమా పథకం కనీస నిబంధనల ప్రకారం అంచులో మట్టి పోసి, ఎత్తు చేసి కట్టుకోవచ్చు. అసలు ఫ్లడ్‌వే గీతను గీసేదే ఒక లెక్కతో: రెండు వైపులా అంచు మొత్తం పూడ్చేసినా వరద మట్టం ఒక అడుగుకు మించి పెరగకూడదు. అంటే ఒక అడుగు వరకు పెరిగినా ఫర్వాలేదని ముందే ఒప్పేసుకున్నారన్నమాట. ఆ అడుగు నీళ్ళు వచ్చేది ఎదుటి ఒడ్డున, ఎగువన ఇప్పటికే కాపురముంటున్నవాళ్ళ ఇళ్ళ మీదికి. మా హియరింగ్‌లో ఈ ముక్క చెప్పినప్పుడు సిటీ కౌన్సిల్ (ఊరి పాలక మండలి) సభ్యులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

మట్టి పోశాక ఆ ప్లాట్లను వరద జోన్ నుంచి తీసేయమని ఫెమాకు అర్జీ పెట్టుకోవచ్చు. దాన్ని లోమర్-ఎఫ్ అంటారు. ఆ ఉత్తరం వస్తే కొనేవాళ్ళకు "ఇది ఫ్లడ్ జోన్ కాదండి" అని చెబుతారు, కాగితం ప్రకారం అది నిజమే. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. అక్కడ నిలవాల్సిన నీళ్ళు మాయం కావు, పక్కవాడి నేల వెతుక్కుంటాయి.

ఎన్ని నీళ్ళో మీరే లెక్కవేయండి. ఎకరా నేల మీద అడుగు లోతు నీళ్ళంటే దాదాపు 12 లక్షల 33 వేల లీటర్లు. 10 ఎకరాలను మూడడుగుల ఎత్తున పూడిస్తే 3 కోట్ల 70 లక్షల లీటర్ల నీళ్ళకు చోటు పోయినట్టు. మీ స్థలానికి ఈ లెక్క కట్టి, హియరింగ్‌కు ముందే రాతపూర్వకంగా ఇవ్వండి. మైకు దగ్గర మూడు నిమిషాల మాటకు లేని బలం రికార్డులోకి ఎక్కిన కాగితానికి ఉంటుంది. రేపు వ్యవహారం కోర్టుకెక్కినా జడ్జి చూసేది ఆ రికార్డునే. పూడ్చినంత చోటూ అక్కడే తవ్వి చూపించాలన్న నిబంధన మీ ఊళ్ళో ఉందేమో కూడా అడగండి. కొన్ని ఊళ్ళు ఫెమా కనీసం కన్నా గట్టి నిబంధనలు పెట్టుకున్నాయి.

"ఇది 100 ఏళ్ళకోసారి వచ్చే వరద" అని బిల్డర్ తరఫువాళ్ళు తప్పకుండా అంటారు. అసలు అర్థం ఏటా 1 శాతం అవకాశం అని. 30 ఏళ్ళ హోమ్‌లోన్ తీరేలోపు ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. పైగా ఆ మ్యాపులు గీసిన నాటి నేలను బట్టి గీసినవి. ఎగువన ఆ తర్వాత వచ్చిన ఇళ్ళ కప్పులు, పార్కింగ్ లాట్లు అందులో ఉండవు, అందుకే మ్యాపు మీద తేదీ చూడమంటాను. మా వీధిలో ఒక పెద్దావిడ క్రీక్ పొంగిన ప్రతిసారీ ఫొటో తీసి, వెనక తేదీ రాసి దాచుకున్నారు. మ్యాపు ప్రకారం తడవకూడని చోట కంచె సగం దాకా మునిగి ఉంది. దానికి జవాబు చెప్పడానికి బిల్డర్ ఇంజనీరు గడువు అడగాల్సి వచ్చింది. మీ చుట్టుపక్కలా అలాంటివాళ్ళు ఉంటారు, తలుపు తట్టి అడగండి. మనవాళ్ళు ఇలాంటి మీటింగులకు "మనకెందుకులే, వీసా మీద ఉన్నాం" అని వెళ్ళరు. పబ్లిక్ హియరింగ్‌లో మాట్లాడటానికి సిటిజన్ అయి ఉండక్కర్లేదు. వెళ్ళండి.

"నేలను ఖాళీగా వదిలేస్తే వచ్చేదేమిటి?" అని ఒక సభ్యుడు అడిగాడు. మాలో ఒకరు చార్లెస్ నది గురించి చెప్పారు. బోస్టన్‌కు వరద ముప్పు తగ్గించడానికి ఆనకట్టల బదులు ఎగువనున్న చిత్తడి నేలలను కొని అలాగే ఉంచడమే చవకని ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (సైన్యపు ఇంజనీరింగ్ విభాగం) తేల్చింది, 1974లో అమెరికా కాంగ్రెస్ ఒప్పుకుంది. అలా సుమారు 8,000 ఎకరాలు కాపాడారు. ఇక ముందు కట్టనిచ్చి తర్వాత పీకాల్సి వచ్చిన ఊరు టల్సా. 1984 మెమోరియల్ డే వరదలో అక్కడ 14 మంది చనిపోయారు, ఎక్కువ దెబ్బ తిన్నది మింగో క్రీక్ వెంట ఉన్నవాళ్ళే. ఆ తర్వాత ఊరే డబ్బు పెట్టి వందల ఇళ్ళు కొని తీసేసింది. పోర్ట్‌లాండ్‌లో జాన్సన్ క్రీక్ దగ్గరా అంతే: 60 కుటుంబాల స్థలాలు కొని, 63 ఎకరాలను 2012 నాటికి మళ్ళీ వరద నేలగా మార్చారు. ఇప్పుడు పర్మిట్ ఇస్తే రేపు కొనాల్సింది మన పన్నుల డబ్బుతోనే అన్న మాట కౌన్సిల్‌కు బాగా తాకింది.

చిత్తడి నేల ఉంది కదా, ఫెడరల్ చట్టమే ఆపుతుందిలే అని కూర్చోకండి. 2023లో సాకెట్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో క్లీన్ వాటర్ యాక్ట్ (నీళ్ళను కాపాడే ఫెడరల్ చట్టం) కిందికి వచ్చే చిత్తడి నేలలు బాగా తగ్గిపోయాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది. రీజోనింగ్ తిరస్కరించినంత మాత్రాన నేల దక్కినట్టు కాదు. కౌన్సిల్ మారితే ఇంకో బిల్డర్ ఇంకో అర్జీ పెడతాడు. నేలగల ఆసామికి కూడా న్యాయం జరగాలి. మా దగ్గర అది తరాలుగా సాగు చేసుకున్న కుటుంబం, అమ్ముకుంటే తప్ప వాళ్ళకు గడవదు. వాళ్ళను శత్రువులుగా చూసిన మా వీధివాళ్ళతో నేను గట్టిగానే వాదించాను. నేలకు ఏ విలువా మిగలకుండా చేస్తే పరిహారం ఇవ్వాల్సిందేనని 1992లో లూకాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. కాబట్టి మీ దగ్గరి ల్యాండ్ ట్రస్టును, అంటే నేలను కాపాడే స్వచ్ఛంద సంస్థను, మొదటి వారంలోనే కలవండి. కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అనే ఒప్పందం రాసుకుంటే నేల వాళ్ళదే, కట్టే హక్కు మాత్రం శాశ్వతంగా పోతుంది. దానం చేసినా, తక్కువకు అమ్మినా పన్ను మినహాయింపు దొరికే వీలుంది. పూర్తిగా కొనాలంటే ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్ అనే ఫెడరల్ నిధి ఉంది. 2020 చట్టంతో దానికి ఏటా 90 కోట్ల డాలర్లు ఖాయమయ్యాయి. కౌన్సిల్‌కు ఇంకో ఆశ కూడా చూపించండి: వరద నేలను ఖాళీగా ఉంచితే ఫెమా కమ్యూనిటీ రేటింగ్ సిస్టమ్‌లో పాయింట్లు వస్తాయి, అవి పెరిగేకొద్దీ ఊళ్ళోవాళ్ళ వరద బీమా ప్రీమియం 5 నుంచి 45 శాతం దాకా తగ్గుతుంది.

మా దగ్గర చివరికి కింది నేలను ల్యాండ్ ట్రస్టు, కౌంటీ కలిసి కొన్నాయి. రోడ్డు పక్కన ఎత్తుగా ఉన్న ముక్కలో కొన్ని ఇళ్ళు లేచాయి. ఒక్క ఇల్లు కూడా రాకూడదని పట్టుబట్టినవాళ్ళు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు. నాకైతే అది సరైన ఒప్పందమే. ఇళ్ళు కావలసినవాళ్ళు ఉన్నారు, అవి మెరక మీద రావాలి, అంతే.

మీ దగ్గర కొనేదాకా వస్తే డీడ్ (నేల హక్కు పత్రం) తెప్పించుకుని చదవండి. "పార్కు" అని పేరు పెట్టినంత మాత్రాన సరిపోదు, రేపటి కౌన్సిల్ అమ్మేయవచ్చు. శాశ్వతంగా ఖాళీగా ఉంచాలన్న షరతు, దాన్ని అమలు చేయించే హక్కు ఊరితో సంబంధం లేని ల్యాండ్ ట్రస్టుకు ఉందన్న వాక్యం, ఈ రెండూ అందులో ఉండాలి.