మీరడిగారు: కీచకుడు, సైకిలు చైను, ఒక ఇరుకు నడవా

ప్రశ్న: తెలుగు సినిమాలో అత్యుత్తమమైన పోరాటం ‘నర్తనశాల’లోని భీమ కీచకుల ద్వంద్వయుద్ధమేనని మా నాన్నగారు, కాదు ‘శివ’లోని సైకిలు చైను సన్నివేశమని నేను ఇంట్లో తరచూ వాదించుకుంటాము. మీ తీర్పు ఏమిటి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీకు కోపం రాదనుకుంటే, నేను మీ నాన్నగారి వైపే మొగ్గుతాను. కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వంలో 1963లో వచ్చిన ఆ చిత్రంలో కీచకుడిగా ఎస్.వి. రంగారావు గారు, భీముడిగా వెయిట్ లిఫ్టర్ దండమూడి రాజగోపాల్ గారు నటించారు. కండబలం నిజంగా ఉన్న మనిషిని ఆ పాత్రకు ఎంచుకోవడంతోనే సగం పని పూర్తయింది. అయినా ఆ పోరాటానికి అసలు బిగువు కండల్లో లేదు, కథలోనే ఉంది. నిండు సభలో కీచకుడు ద్రౌపదిని తన్నినప్పుడు కూడా వలలుని వేషంలో ఉన్న భీముడు పళ్ళు బిగించి ఊరుకోవలసి వచ్చింది. అజ్ఞాతవాసం బయటపడితే మళ్ళీ పన్నెండేళ్ళు అడవుల పాలు కావలసిందే. అందుకే అర్ధరాత్రి చీకట్లో, ద్రౌపది కోసం వచ్చిన వాడికి భీముడు ఎదురుపడినప్పుడు, శత్రువును చంపడమే కాదు, చంపినది ఎవరో లోకానికి తెలియకుండా చంపడం అతని పని. బలవంతుడు తన బలాన్ని దాచుకుంటూ పోరాడవలసి రావడం కన్నా మంచి ఇరకాటాన్ని ఏ ఫైట్ మాస్టరూ కల్పించలేడు.

ఇక మీ ‘శివ’ను తీసివేయడానికి వీల్లేదు. రామ్‌గోపాల్ వర్మ గారి తొలి చిత్రంగా 1989లో అది వచ్చేనాటికి మన ఫైట్లు ఎక్కువగా ఖాళీ డ్రమ్ములు, అట్టపెట్టెలు, పగలడానికే పెట్టిన గాజు పలకల మధ్య జరిగేవి. కాలేజీలో నిలబెట్టి ఉన్న మామూలు సైకిలే ఆయుధశాల కావడం అప్పటి కుర్రకారును కుదిపివేసింది. అయితే నిజానికి సైకిలు చైను అలా చేత్తో లాగితే ఊడివచ్చేది కాదు. ఏ సైకిలు షాపులోనైనా లాకు తీస్తే గాని అది చేతికి రాదు. హాల్లో కూర్చున్న మనకు ఆ సంగతి గుర్తుకు రాకపోవడమే ఆ సన్నివేశం గొప్పతనం. నాగార్జున గారు చైను లాగేంతవరకు అతని ముఖంలో మనం చూసినది ఓర్పు. లాగిన మరుక్షణం ఆ ఓర్పు తెగిపోయిందని మనకు తెలిసిపోతుంది, ఆ తరువాత పడే దెబ్బలు లెక్కలోకి రావు.

ప్రశ్న: దూరదర్శన్ రామాయణంలో బాణాలు గాలిలో ఢీకొని పడిపోయే యుద్ధాలను చిన్నప్పుడు కళ్ళప్పగించి చూశాము. ఇప్పుడు మా పిల్లలు చూసి నవ్వుతున్నారు. తప్పు ఎవరిది?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఎవరిదీ కాదు. 1987లో రామానంద్ సాగర్ గారి ధారావాహికను చూసిన ప్రేక్షకులకు ఆగ్నేయాస్త్రానికి వారుణాస్త్రమే విరుగుడని హరికథల నాటి నుంచే తెలుసు కాబట్టి, ఆ బాణాలు వారికి ప్రశ్న, జవాబులుగా కనిపించేవి. ఆ లెక్క తెలియని పిల్లలకు కనిపించేవి రెండు పుల్లలు మాత్రమే. అవే దృశ్యాలను పదే పదే చూపి నిడివి పెంచారన్న మాట మాత్రం ఒప్పుకోక తప్పదు.

ప్రశ్న: కట్ లేకుండా ఒకే షాట్‌లో తీసిన ఫైట్లను ఎందుకంత మెచ్చుకుంటారు? కెమెరా విద్య తప్ప అందులో ఏముంది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కొరియా దర్శకుడు పార్క్ చాన్-వుక్ 2003లో తీసిన ‘ఓల్డ్‌బాయ్’ ఒకసారి చూడండి. సుత్తి పట్టుకున్న ఒక్క మనిషి ఇరుకు నడవాలో పెద్ద గుంపుతో తలపడుతుండగా, కెమెరా ప్రక్కనే మెల్లగా వెంట నడుస్తుంది. కట్ లేనందువల్ల అలసటను దాచే వీలు నటుడికీ లేదు, పాత్రకూ లేదు. వగర్చడం, వంగిపోవడం, క్రిందపడి మళ్ళీ లేవడం అన్నీ మన కళ్ళ ముందే జరుగుతాయి. ఇరవైమందిని పడగొట్టినా క్రాపు చెదరని మన హీరోలను చూసిన కళ్ళకు అది కొత్త అనుభవం. దాని ప్రభావం టెలివిజన్ వరకూ ప్రాకింది. 2015 నాటి ‘డేర్‌డెవిల్’ ధారావాహిక రెండవ ఎపిసోడ్ చివర, ఎత్తుకుపోయిన ఒక పిల్లవాడి కోసం చూపు లేని కథానాయకుడు అలాంటి నడవాలోనే పోరాడతాడు. అందులో సగం కొట్లాట గదుల లోపల, మనకు కనిపించకుండానే జరుగుతుంది. చప్పుళ్ళు వినిపిస్తాయి, తలుపులోంచి ఒక మైక్రోవేవ్ ఓవెన్ బయటికి ఎగిరిపడుతుంది. కథానాయకుడు గోడకు ఆనుకుని ఊపిరి కూడదీసుకుంటాడు, మళ్ళీ కలబడతాడు. చివరకు నడవా సద్దుమణిగాక, నిలబడడానికే ఓపిక లేని ఆ మనిషి పిల్లవాడిని చేతులమీద ఎత్తుకుని, వచ్చిన దారినే నడిచిపోతాడు.